అత్త బైండు చేయించిన నవలలు

పోయిన నెలంతా నేను నవలలు చదువుతూ గడిపాను. ఉద్యోగం నుంచి రిటైరై, మోకాళ్ళ నొప్పులతో కోయంబత్తూరు పక్కన పోదనూరులో ఇంటిపట్టున కూర్చున్న ఆడమనిషి నవలలు చదవక ఇంకేం చేస్తుందని మీరు అడగవచ్చు. అయితే పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను నవల ముట్టుకున్నదాన్ని కాను. రైల్వేలో చేరాక చదవాల్సినవన్నీ ఆఫీసు కాగితాలే అయ్యాయి. ఇంటికొచ్చాక కళ్ళు మూసుకోవడమే సుఖంగా ఉండేది. ఇప్పుడు మళ్ళీ ముట్టుకున్నది కూడా నా కోసం కాదు, మా చిన్నమ్మ కోసం. చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. మదురై దగ్గర తిరుమంగళం అవతల మా అమ్మ పుట్టిన ఊళ్ళో, వాళ్ళన్న ఇంట్లోనే బతుకంతా ఉండిపోయింది. మొన్న మదురైలో ఆమెకు కంటి ఆపరేషను చేశారు. నెల రోజులు దుమ్మూ పొగా తగలకూడదనీ, వంగి పని చేయకూడదనీ డాక్టరమ్మ చెప్పింది. ఆ ఊళ్ళో దుమ్ము తగలకుండా ఉండాలంటే ఊపిరి తీయడం మానుకోవాలి. నల్లరేగడి నేల, ఎండలు ముదిరాయంటే నెర్రెలిచ్చి, గాలి వీచినప్పుడల్లా సగం పొలం ఇంట్లోకే వచ్చి కూర్చుంటుంది. అందుకని ఆసుపత్రి నుంచి నేరుగా బస్సెక్కించి నా దగ్గరికి తీసుకొచ్చాను.

నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని చిన్నమ్మ బస్సు దిగింది. ఆమె సామాను మొత్తం ఒక చేతిసంచీ, ఒక గోనెసంచీ. చేతిసంచీలో రెండు చీరెలు. గోనెసంచీ మాత్రం నాకు లేవలేదు. "ఏమి చిన్నమ్మా, రాళ్ళు మూట కట్టి తెచ్చినావా?" అన్నాను. "వదిన పుస్తకాలు. నెలంతా సుమ్మా కూర్చోని నేనేమి చేసేది? నువ్వు చదివి చెప్పు తాయీ," అన్నది. ఆపరేషనుకు పోయేటప్పుడు మామూలు మనుషులు ఫ్లాస్కు, దుప్పటి పట్టుకుపోతారు. చిన్నమ్మ తనకు ఒక్క అక్షరం రాని పుస్తకాల మూట పట్టుకుపోయింది. ఆసుపత్రిలో మంచం కింద పెట్టుకుని, ఊడ్చే మనిషితో రోజూ తగువాడిందట.

ఆమె వదిన అంటే నాకు అత్త, మా మేనమామ భార్య. మామ ముందే పోయాడు, అత్త పోయినేడు పోయింది. మావైపు ఆడవాళ్ళలో చదువుకున్నదంటే అత్తే. కోయంబత్తూరు పక్కనుంచి వచ్చిన మనిషి, అరవంలో ఎనిమిదో తరగతి దాకా చదివింది. ఆ రోజుల్లో వారపత్రికల్లో నవలలు వారానికో అధ్యాయం చొప్పున వచ్చేవి. మామ తిరుమంగళం సంతకు పోయినప్పుడల్లా ఉప్పూ పప్పుతోపాటు పత్రిక కూడా తేవాలి. మరిచిపోయి వస్తే ఆ పూట సాంబారులో ఉప్పు ఉండేది కాదు. కథ పూర్తయ్యాక అత్త ఆ పేజీలు జాగ్రత్తగా కత్తిరించి, వరసగా పేర్చి, తిరుమంగళంలో బైండింగు చేసే ఆయనకు ఇచ్చేది. ఆయన పాత క్యాలెండరు అట్టలు వేసి, వీపుకు ఎర్రగుడ్డ అంటించి ఇచ్చేవాడు. అందువల్ల లక్ష్మీదేవి బొమ్మ ఉన్న అట్ట తెరిస్తే లోపల ఊటీ మంచులో ఒకరినొకరు వెతుక్కునే ప్రేమికులు ఉండేవాళ్ళు. పేజీ వెనక్కి తిప్పితే సగం తెగిన మిరియాల రసం వంటకం, తల నూనె ప్రకటన, ఎవరికో ఎవరో చెప్పిన జోకులో చివరి రెండు వరుసలు కనిపించేవి.

చదవడమంటే మా ఇళ్ళలో మామూలు చదువు కాదు. పుస్తకం అరవంలో ఉంటుంది. ఇంట్లో మాట తెలుగు. ఎన్ని తరాల కిందటో ఇటు వచ్చి, తెలుగుదేశం ఎటుందో కూడా మరిచిపోయిన వాళ్ళం, తెలుగు నోట్లో ఉంది గానీ చేతిలో లేదు. నేను కూడా తెలుగు అక్షరాలు నేర్చుకున్నది గుంతకల్లులో ఉద్యోగం చేసిన కొన్నేళ్ళలోనే, అదీ స్టేషను బోర్డులు చూసి. కాబట్టి కళ్ళు అరవం చదువుతుంటే నోరు తెలుగు చెప్పాలి. అత్త ఆ పనిలో ఘటికురాలు. తడుముకోవడమే ఉండేది కాదు. నేను మొదటి రోజే బోల్తాపడ్డాను. కథానాయకుడు వెన్నెల్లో నిలబడి పేజీన్నర ప్రేమ మాటలు చెబుతాడు. మా ఇంటి తెలుగులో ఎద్దును అదిలించడానికి పది మాటలున్నాయి, కోడలిని దెప్పడానికి నూరున్నాయి, ఈ పనికి మాత్రం ఒక్కటీ దొరకలేదు. నేను నీళ్ళు నమలడం చూసి చిన్నమ్మే అందించింది. "వదిన ఆ పేజీ అంతా ఒక్క మాటలో చెప్పేది. నాకు నీ మీద మనసుండాది, అని. అంతే, తిప్పు."

అలా మొదలై రోజుకు ఇంత అని లేకుండా చదువుకుంటూ పోయాం. పొద్దున కళ్ళలో మందు చుక్కలు వేశాక ఒక విడత, మధ్యాహ్నం అన్నాలయ్యాక ఒక విడత. ప్రేమ కథలు, కుటుంబ కథలు, రెండు హత్యల కథలు, ఒక దయ్యం కథ. హత్యల కథలు చిన్నమ్మకు నచ్చలేదు. ఒక మనిషి చచ్చి పడుంటే ఇంట్లో ఎవరూ గట్టిగా ఏడవకుండా అందరూ కూర్చుని కాఫీ తాగడమేమిటని ఆమె అభ్యంతరం. దయ్యం మీద మాత్రం జాలిపడింది. ప్రేమ కథల్లో నాయకుల్ని వరసపెట్టి ఉతికేది. "వీడికి పనీ పాటా లేదా? కారేసుకోని తిరగతానే ఉండాడు." నాయికల సంగతి వస్తే, "ఆ బిడ్డ దిండు మీద పడి ఏడస్తానే ఉండాదే, అన్నమెప్పుడు తింటాది?" అని అడిగేది. నేను చదవడం ఆపి నవ్వేదాన్ని. మా ఆయన పోయాక మా ఇంట్లో మధ్యాహ్నం పూట నవ్వు వినిపించడం అదే మొదలు.

చదువుతున్నకొద్దీ నాకు పాత మధ్యాహ్నాలు గుర్తుకొచ్చాయి. బడి సెలవులకు అమ్మ నన్ను ఊరికి పంపేది. వెనక వసారాలో పత్తికాయలు కుప్పపోసి, ఇంట్లోవాళ్ళూ పక్కింటివాళ్ళూ చుట్టూ కూర్చుని దూది ఒలిచేవాళ్ళు. ఎండిన తొక్కు వేళ్ళకు గీసుకుని మంట పుట్టేది. దూది నూగు ముక్కులోకి పోయి అందరం తుమ్మేవాళ్ళం. అత్త మాత్రం ఒలిచేది కాదు, ఆమె పని కథ చెప్పడం. ముక్కాలిపీట మీద కూర్చుని, ఒళ్ళో పత్రిక తెరిచిపెట్టుకుని, వేలు వరుస వెంట జరుపుతూ చెప్పేది. కథలో కష్టమొస్తే చేతులు ఆగిపోయేవి. అప్పుడు మా అమ్మమ్మ, "కత చెవికి, పని చేతికి," అని గదమాయించేది. అందరికన్నా శ్రద్ధగా వినేది చిన్నమ్మే. అప్పుడామెకు ఇరవై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, పెద్ద జడతో ఉండేది. నాకు అప్పట్లో ఆమెకన్నా అందమైన మనిషి లోకంలో లేదు.

ఆమె పెళ్ళి ఎందుకు ఆగి ఉందో చెప్పాలి. మాలో ఆడపిల్ల మీద తొలి హక్కు మేనమామ కొడుకుది. దాన్ని మొరై అంటారు. వేరే సంబంధం ఎంత మంచిది వచ్చినా, ముందు ఆ ఇంటికి ఆకువక్క పట్టుకుపోయి అడగాలి. మాకు వద్దు, మీ ఇష్టం అని వాళ్ళు నోరారా అంటే తప్ప పిల్లను ఇంకొకరికి ఇవ్వరు. చిన్నమ్మకు మొరై ఉన్నవాడు మరెవరో కాదు, అత్తకు సొంత తమ్ముడు. కోయంబత్తూరులో మోటారు పంపుల కంపెనీలో పని చేసేవాడు. అక్కను ఈ ఇంటికి ఇచ్చారు, ఈ ఇంటి పిల్లను ఆ ఇంటికి తీసుకుంటారు అని ఊరంతా అనుకునేది. అతను పండక్కో జాతరకో వచ్చి, వసారాలో కూర్చుని, చిన్నమ్మ తెచ్చిన కాఫీ తాగి, బాగుందని చెప్పి పోయేవాడు. అంతకుమించి ఏదీ జరగలేదు. ఆ రోజుల్లో అదే చాలా ఎక్కువ.

అలా ఉండగా ఒక మంచి సంబంధం వచ్చింది. దగ్గర ఊరే, బావి కింద సాగున్న ఇల్లు, నిదానమైన మనిషి అన్నారు. మా తాత, అంటే చిన్నమ్మ నాన్న, ఆకువక్క పట్టుకుని కోయంబత్తూరు పోయాడు. అబ్బాయిని అడిగి చెప్తామన్నారు వాళ్ళు. చెప్పలేదు. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఇక్కడ సంబంధం వాళ్ళు తొందరపడుతున్నారు. వాళ్ళు మాట చెప్పకపోతే మొరై వదులుకున్నట్టేనని తాత తేల్చాడు. కానీ పిల్ల మనసు తెలియకుండా చేయనన్నాడు. ఈ సంబంధానికి పోతావా, అతని కోసం ఉంటావా, చెప్పమన్నాడు.

సరిగ్గా ఆ వారమే అత్త చెబుతున్న నవల ముగింపుకు వచ్చింది. సముద్రపు ఒడ్డున చిన్న ఊళ్ళో ఒక అమ్మాయి. బొంబాయికి పనికి పోయినవాడు తిరిగి వస్తానన్నాడు. ఆమె రోజూ సాయంత్రం బస్సుస్టాండులో నిలబడి చూస్తుంది. ఊళ్ళో ఒక బడిపంతులు, భార్య పోయినవాడు, నన్ను చేసుకుంటావా అని మర్యాదగా అడుగుతాడు. ఏం చేస్తుందో తెలియక మా వసారా మొత్తం వారాల తరబడి కొట్టుకుంది. ఆఖరి అధ్యాయం చెప్పిన మధ్యాహ్నం నాకు బాగా జ్ఞాపకం. పంతులికి సరే అని చెప్పడానికి ఆ అమ్మాయి బయలుదేరుతుంది. బస్సుస్టాండు దాటబోతుంటే చివరి బస్సు వస్తుంది. అందులోంచి అతను దిగుతాడు, చేతిలో చిన్న పెట్టె, మొహంలో సిగ్గు. "వచ్చేసినాడు," అన్నది అత్త. ఆడవాళ్ళందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. చిన్నమ్మ తల వంచుకుని గబగబా దూది ఒలిచింది. మర్నాడు పొద్దున, ఉంటానని తాతకు చెప్పింది.

ఆ తర్వాత ఏడాది తిరక్కముందే అత్త తమ్ముడి పెళ్ళి పత్రిక వచ్చింది. తనతో పని చేసే ఆయన కూతురట. ఆ ఇల్లు మొరై ఆకువక్కకు జవాబు చెప్పిన తీరు అదీ. మామ ఒక్కడే పోయి వచ్చాడు. సొంత తమ్ముడి పెళ్ళికి అత్త పోలేదు. ఆ సంవత్సరం నుంచి అత్త వసారాలో కథలు చెప్పడం మానేసింది. అడిగితే గొంతు నొప్పి అనేది. పత్రిక కొనడం మాత్రం మానలేదు, బైండు చేయించడం మానలేదు. చిన్నమ్మకు తర్వాత సంబంధాలు పల్చబడ్డాయి, ఆపైన రావడం మానేశాయి. ఇద్దరూ ఒకే వంటింట్లో ముసలివాళ్ళయ్యారు. చిన్నమ్మ తినకుండా అత్త ఎప్పుడూ తినలేదు. ఇంటి తాళంచెవుల గుత్తి కూడా చిన్నమ్మ నడుముకే ఉండాలని పట్టుబట్టింది. ఎంత మంచి వదినో అనుకునేదాన్ని.

గోనెసంచీ అడుగున ఉన్నది ఆ సముద్రపు ఒడ్డు నవల. అట్ట మీద మురుగన్ బొమ్మ, నెమలి తోక వెలిసిపోయి ఉంది. నెల చివరికి వచ్చేశాం. అప్పటికి చిన్నమ్మ కన్ను బాగా తేరుకుంది, కిటికీలోంచి రైలు పెట్టెలు లెక్కపెడుతోంది. ఈ కథ నాకు తెలుసు కాబట్టి హాయిగా చదువుకుంటూ పోయాను. ఆఖరి అధ్యాయంలో చివరి బస్సు వచ్చింది. ఎవరెవరో దిగారు. చేపల గంప దిగింది, ఒక ముసలాయన దిగాడు. నేను నోటితో "అతను దిగినాడు" అనబోయి, పేజీలో ఆ మాట కోసం వెతికాను. లేదు. అతను దిగలేదు. ఒక పేజీ ఎక్కడైనా తప్పిపోయిందేమోనని అంకెలు చూశాను, అన్నీ వరసగానే ఉన్నాయి. బస్సు వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి పంతులి ఇంటికి పోయి సరే అని చెప్పింది. పెళ్ళయింది. ఒకనాటి సాయంత్రం మొగుడితో కలిసి బస్సుస్టాండు మీదుగా నడిచి పోతుంటే వెనక బస్సు హారను వినిపించింది. ఆమె తిరిగి చూడలేదు. కింద సమాప్తం అని ఉంది.

ఆ మధ్యాహ్నం అత్త ఒళ్ళో పత్రిక మూసి ఉన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ప్రతి వారమూ తెరిచి, వేలు పెట్టి చెప్పే మనిషి ఆ రోజు మూసి పెట్టుకుని చెప్పింది. తమ్ముడు ఎప్పటికైనా వస్తాడని నమ్మి ఉంటుంది, అందాకా ఈ పిల్ల చేజారిపోకూడదని కథలో ఆ చివరి బస్సును ఖాళీగా పోనివ్వలేదు. నాకు అత్త మీద కోపం వచ్చింది. పోయిన మనిషి మీద కోపం ఎంత పనికిరానిదో తెలిసి కూడా వచ్చింది. ఆ పేజీలను పొయ్యిలో వేయకుండా బైండు చేయించి, యాభై ఏళ్ళు అదే ఇంట్లో, అదే చిన్నమ్మ కళ్ళ ముందు ఎందుకు దాచిందో మాత్రం ఇప్పటికీ నాకు తెలియదు.

"ఏమి నిలిపేసినావు?" అన్నది చిన్నమ్మ.

అబద్ధం చెప్పడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది. అత్త మాటలే నా నోటి దగ్గర ఉన్నాయి. కానీ చెప్పలేకపోయాను. "దీంట్లో వేరేగా ఉండాది చిన్నమ్మా. అతను రాలేదు," అన్నాను.

చిన్నమ్మ చేతివేళ్ళు చీరె కొంగు మీద దూది ఒలిచినట్టు కదిలాయి. తర్వాత, "చదువు," అన్నది. మళ్ళీ మొదటినుంచీ, ఒక్క మాట వదలకుండా ఆ అధ్యాయం చదివాను. బస్సు వచ్చింది, పోయింది. అమ్మాయి పోయి సరే అని చెప్పింది. చిన్నమ్మ ఏడవలేదు. ఏడ్చింది నేను. "కండ్ల మందు నాకా నీకా?" అని నన్ను ఎకసెక్కమాడింది కూడా.

"నువ్వు ఆ కత విన్నందుకే ఉంటానని తాతకు చెప్తివా చిన్నమ్మా?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సిందేమో.

"కత కోసం ఎవరన్నా ఉండిపోతారా? నాకు మనసుండింది. దానికి కత తోడు వచ్చింది, అంతే. వదినకు తమ్ముడంటే ప్రాణం. నేనన్నా ప్రాణమే. రెండూ ఒకే ఇంట్లో ఉండాలని ఆశపడినాది. పావం." ఆ తర్వాత, కిటికీ వైపు తిరిగి, నన్ను కాదు ఎవరినో అడిగినట్టు అడిగింది. "ఆ పిల్లకు బిడ్డలు పుట్టినారా?"

పుస్తకంలో ఆ సంగతి లేదు. సమాప్తం కింద మిగిలింది తల నూనె ప్రకటన ఒక్కటే. నేను పేజీ వైపు చూస్తూ, వేలు వరుస మీద పెట్టి, "పుట్టినారు చిన్నమ్మా. ఇద్దరు," అన్నాను.

"ఆమా? నయం," అన్నది. "ఒకతన్నా ఉండిపోకుండా పోయింది."

వారం తర్వాత ఇక్కడి కంటి డాక్టరమ్మ చూసి, ఇక ఊరికి పోవచ్చన్నది. సింగానల్లూరులో మదురై బస్సెక్కించాను. పుస్తకాల మూట నా దగ్గరే ఉంచెయ్యమన్నది. కిటికీ పక్కన కూర్చుని, కొత్త చూపుతో బస్సుస్టాండులో ఎక్కేవాళ్ళనూ దిగేవాళ్ళనూ అందరినీ ఒక్కొక్కరిగా చూసింది. బస్సు కదిలేదాకా చూస్తూనే ఉంది. ఇంటికొచ్చి మురుగన్ బొమ్మ అట్ట ఉన్న పుస్తకం మళ్ళీ తీశాను. ఏడాది పొడుగునా వారం వారం వచ్చిన కథ, మేమిద్దరం నాలుగు మధ్యాహ్నాల్లో ముగించేశాం. ఒక వారానికీ ఇంకో వారానికీ నడుమ ఉన్న ఎదురుచూపును ఆ బైండింగాయన అంచులతోపాటు కత్తిరించి పారేశాడు. అదంతా చిన్నమ్మ దగ్గర ఉండిపోయింది.